కాగని డప్పుతో మూడు రోజులు

కాశీకి పోయినవాళ్ళు రాస్తారు, కాశ్మీరుకు పోయినవాళ్ళు రాస్తారు. సంగారెడ్డికి పోయి వచ్చి రాసినవాళ్ళను నేనింతవరకు చూడలేదు. హైదరాబాదులో బస్సెక్కితే రెండు గంటల్లో చేరే ఊరికి యాత్రేమిటని మా స్కూల్లో టీచర్లంతా పడీ పడీ నవ్వారు. నవ్వనీ! వాళ్ళలో ఒకావిడ ఊటీ పోయి వచ్చి అక్కడి కారెట్ల గురించి ఆర్నెల్లు చెప్పింది. మేమెవరం నవ్వలేదు.

నేను పుట్టిందీ పెరిగిందీ సంగారెడ్డిలోనే. పదిహేనేళ్ళుగా నగరంలో ఆడపిల్లల హైస్కూల్లో తెలుగు చెబుతున్నాను. ఈ ప్రయాణం మా స్టాఫ్ రూములో మొదలైంది. ఒక మధ్యాహ్నం నేను టిఫిన్ డబ్బా తెరిచి జొన్న రొట్టె తీస్తుంటే, లెక్కల టీచరు కామేశ్వరి వంగి చూసి, "అయ్యో, మీవైపు అన్నం పండదాండీ?" అంది. భీమవరం పిల్ల. మనసులో కల్మషం లేదు, నాకు అదే మరింత మంట. ఆ రోజు నా నోరు ఊరుకోలేదు. మా తిండి తినాలన్నా, మా పాట వినాలన్నా, మా గుడ్డ కప్పుకోవాలన్నా పెట్టి పుట్టాలమ్మా అని గంటసేపు దంచాను.

కామేశ్వరి అన్నయ్య ప్రసాద్ పటాన్‌చెరులో ఒక ఫ్యాక్టరీలో ఆఫీసరు, వాళ్ళ క్లబ్బుకు కార్యదర్శి కూడా. నా ఉపన్యాసాన్ని ఈ పిల్ల మోసుకుపోయి అతని చెవిన వేసింది. వారంలో చీటీ వచ్చింది. శనివారం క్లబ్బు వార్షికోత్సవమట, "మీ లోకల్ మ్యూజిక్ ఏదో ఉందన్నారట, ఒక పదిహేను నిమిషాలు పెట్టించగలరా?" అని. ఏదో! ఆ 'ఏదో' చదివేసరికి అరికాలి మంట నెత్తికెక్కింది. పెట్టిస్తానని రాసి పారేశాను. మూడు రోజులు సెలవు పెట్టి, గురువారం పొద్దున కామేశ్వరిని వెంటబెట్టుకొని బయల్దేరాను. డెబ్బై నాలుగు వానాకాలం, ముసురు పట్టి ఉంది.

మొదటి రోజు: బోర్డు మీద లేని రొట్టె

బస్సులో మా ముందు సీట్లో మందుల కంపెనీ మనిషొకడు కూర్చున్నాడు. ఒళ్ళో తోలు సంచీ. మేము సంగారెడ్డికి టికెట్లు తీసుకోవడం చూసి వెనక్కి తిరిగి, "సంగారెడ్డిలో ఏముందండీ, కోర్టూ జైలూ తప్ప? ఎవరి మీదైనా కేసుందా?" అని అడిగాడు.

"ఇప్పటిదాకా లేదు. మీరింకో మాటంటే నా మీద పడేటట్టుంది" అన్నాను.

కామేశ్వరి నా మోచెయ్యి గిల్లింది. అతను పటాన్‌చెరులో దిగేదాకా మళ్ళీ మావైపు చూడలేదు. అక్కడ సగం బస్సు ఖాళీ అయింది. అందరూ ఫ్యాక్టరీల వాళ్ళే, వాళ్ళలో కొందరు బీహారు, ఒరిస్సా మాటలవాళ్ళు. మా చిన్నప్పుడు ఆ రోడ్డుకు రెండువైపులా జొన్నచేలుండేవి. ఇప్పుడు గోడలున్నాయి.

సంగారెడ్డి బస్టాండు ఎదురుగా ఒక హోటల్లో కూర్చున్నాం. గోడకు బోర్డు: ఇడ్లీ, వడ, దోశ, ఉప్మా, పూరీ. జొన్న రొట్టె ఉందా అని అడిగితే సర్వరు నన్ను ఎగాదిగా చూశాడు.

"జొన్న రొట్టె ఇంట్ల తినరాదమ్మా? ఎవలన్న హోటల్‌కొచ్చి గా రొట్టె అడుగుతరా?"

ఇంకెవరైనా అంటే ఊరుకునేదాన్నేమో. ఈయన మాట మా పక్క ఊరి మాట! ఇంతలో వంటగది పరదా గాలికి లేచింది. లోపల వంటమనిషి పీట మీద కూర్చొని ఏం తింటున్నాడనుకున్నారు? జొన్న రొట్టె, పచ్చిమిరపకాయల తొక్కు, ఉల్లిగడ్డ! లేచి సరాసరి వంటగదిలోకి పోయాను.

"గా రొట్టె పెట్టుండ్రి మాకు. ఇడ్లీ మీరు తినుండ్రి" అన్నాను. కోపమొస్తే నాకు పాఠం చెప్పే తెలుగు పోతుంది, పుట్టిన తెలుగు వస్తుంది.

వంటమనిషి సిగ్గుతో లేవబోయాడు. కూర్చోమని, మేమూ అక్కడే పీటలేసుకున్నాం. నిప్పుల మీద పొంగిన రొట్టె ఆవిరి కక్కుతూ పళ్ళెంలో పడింది. కామేశ్వరి మొదటి ముక్క తొక్కులో అద్దుకొని నోట్లో పెట్టుకుంది. వెంటనే కళ్ళనుండీ ముక్కునుండీ నీళ్ళు.

"చచ్చాను బాబోయ్" అంది. చచ్చిందా? లేదు, మూడు రొట్టెలు తిన్నది. ఆంధ్రావాళ్ళు తినే గోంగూరే మా పుంటికూరనీ, దాన్ని పప్పులో వేసి ఈ రొట్టెతో తింటే ఇంకా బాగుంటుందనీ చెబితే, "మరి ఇన్నాళ్ళూ నాకెందుకు పెట్టలేదూ?" అని నా మీదే లేచింది.

డబ్బులివ్వబోతే సర్వరు తల గోక్కున్నాడు. "ఏం తీసుకోనమ్మా? మేము తినేదానికి బోర్డు మీద రేటు లేదు" అన్నాడు. చాయ్‌కి మాత్రం పదిహేను పైసల చొప్పున తీసుకున్నాడు. నాకు మళ్ళీ ఒళ్ళు మండింది. రోజూ తాము కమ్మగా తినేది పైవాళ్ళ ముందు పెట్టడానికి సిగ్గా? పెరటి చెట్టు మందుకు పనికిరాదని ఊరికే అన్నారా! ఆ రాత్రి మా వదిన ఇంట్లో పడుకునేదాకా దీని గురించే మాట్లాడానని కామేశ్వరి అంటుంది.

రెండో రోజు: జోగిపేటలో గొంగడి

శుక్రవారం జోగిపేట పోయాం. బట్టల దుకాణంలో నేత చీరలు చూపించమంటే సేటు నైలాన్ చీరలు గుట్ట పోశాడు. "గివి కట్టుండ్రి మేడమ్, సినిమాల గివే కడ్తున్నరు. నేసినయి ఊరోళ్ళకు" అన్నాడు.

"నేను ఊరిదాన్నే" అన్నాను.

"గట్ల కనిపిస్తలేరు" అన్నాడు, మెచ్చుకున్నట్టుగా. మెచ్చుకోలట! చీర కొనకుండానే మెట్లు దిగాను.

బయట వానలో ఒక ముసలాయన గొంగళ్ళు పరిచి కూర్చున్నాడు. తన గొంగడిని కొప్పెర వేసుకొని, అంటే ఒక కొస ముడిచి నెత్తిమీద టోపీలాగా నిలబెట్టి, మిగిలింది వీపు మీదుగా వదిలాడు. ఒక్క చుక్క ఒంటి మీద పడడం లేదు. పక్కన గొడుగులవాళ్ళు గాలికి తిరగబడిన గొడుగులతో కుస్తీ పడుతున్నారు. కామేశ్వరికి అది తెగ నచ్చింది. నలభై చెప్పాడు, ముప్పైకి ఇచ్చాడు, ఎట్లా ముడవాలో నాలుగుసార్లు చూపించాడు.

"తడిస్తె బరువైతది బిడ్డా, ఇడువొద్దు. ఎండితె మల్ల అదే" అన్నాడు.

బరువు సంగతి చెప్పాడు గానీ వాసన సంగతి చెప్పలేదు. తిరుగు బస్సులో తడిసిన ఉన్ని గుప్పుమంది. కండక్టరు ముక్కు ఎగబీల్చి, "గొర్రెకు టికెట్ తీస్కున్నరా?" అన్నాడు. బస్సంతా గొల్లుమంది. నేను నోరు తెరిచేలోగా కామేశ్వరే, "పిల్లకు సగం టికెట్టేగా?" అంది. నాకన్నా ముందు తను నవ్వించిందని నాకు కాస్త కుళ్ళు కూడా కలిగింది.

అదే సాయంత్రం: ఎల్లయ్య వాకిలి

పాశమైలారం దాపున ఒక పల్లెలో ఎల్లయ్య ఇల్లు. దారిలో నాట్లు వేస్తున్న ఆడవాళ్ళు పాడుతున్నారు. ఒకామె ఎత్తుకుంటే మిగిలినవాళ్ళు అందుకుంటున్నారు, పాట నడకకే చేతులు బురదలో మునిగి లేస్తున్నాయి. కామేశ్వరి గట్టు మీద నిలబడి వింటూ వింటూ జారి మడిలో కూర్చుంది. వాళ్ళు పాట ఆపకుండానే నవ్వారు.

ఎల్లయ్య ఎవరో చెప్పాలి. మా తాత తమ్ముడి కొడుకు, నాకు చిన్నాయన. మా ఇంటి మగవాళ్ళంతా డప్పు కొట్టినవాళ్ళే. మా నాయన మిషన్ బడిలో చదువుకొని, అక్కడే పంతులై, సంగారెడ్డిలో ఇల్లు కట్టుకున్నాడు. తాత డప్పును అటక ఎక్కించాడు. మళ్ళీ దించలేదు. చిన్నాయన ఊళ్ళోనే ఉండిపోయాడు. చావుకీ పెళ్ళికీ, దేవతల పండుగకూ, మా చర్చి కోతపండుగకూ ఆయన దరువు లేకుండా అడుగు పడేది కాదు.

"ఏం బిడ్డా, గిన్ని దినాలకు యాదికొచ్చిన్నా?" అంటూ ఎదురొచ్చాడు.

నేను కామేశ్వరి వైపు తిరిగి, "ఈయన మా వైపు పెద్ద కళాకారుడు" అన్నాను. మా చిన్నాయన అనలేదు. పదిహేనేళ్ళుగా నగరంలో ఎవరికీ చెప్పని మాట ఆ వాకిట్లోనూ నోట్లోంచి రాలేదు. ఆయన ఒక్క క్షణం నా మొహం చూశాడు. "కూసో టీచరమ్మా" అన్నాడు. ఆ తర్వాత బిడ్డా అని పిలవలేదు.

కాల్చిన మక్కకంకులు పెట్టి, అంబలి పోశాడు. పటాన్‌చెరు క్లబ్బు సంగతి చెబితే గోడ వైపు చూశాడు. గోడకు రెండు డప్పులు వేలాడుతున్నాయి.

"ఈ చెయ్యి ఇంకో రెండేండ్లు లేస్తదేమో. ఇది నాతోటే ఆఖరు టీచరమ్మా. మా సాయిలు ముట్టడు" అన్నాడు. సాయిలు ఆయన కొడుకు. ప్రసాద్ ఆఫీసరుగా ఉన్న ఫ్యాక్టరీలోనే బాయిలర్ దగ్గర బొగ్గు వేసే పని, పర్మినెంటు కాదు. "చిన్నగున్నప్పుడు మంచిగ కొట్టెటోడు. ఇప్పుడు తోటోళ్ళు నవ్వుతరంట. డప్పు కొట్టెటోని కొడుకని తెలిస్తె ఇజ్జత్ పోతదంట. మొన్న నా మొఖం మీదనే అన్నడు, నువ్వు సచ్చినంక వీటిని పొయిల పెడత అని."

"మీరేమన్నారు?" అంది కామేశ్వరి.

"ఏమంటనమ్మా? అన్నం తినలే ఆ పూట. పెద్దపెద్దోళ్ళు కూసొని విని చప్పట్లు కొడితె, ఆని కండ్ల ముంగట గది జరిగితె, ఆని మనసు తిరుగుతదేమో. అందుకే వస్త. పైసలేం వద్దు." జోడీ లేకపోయినా రెండు డప్పులూ తెస్తానన్నాడు. రెండోది ఎవరి కోసమో ఆయన చెప్పలేదు, మేము అడగలేదు.

మూడో రోజు: పటాన్‌చెరు

శనివారం మూడు గంటలకు పటాన్‌చెరు బస్‌స్టాపులో కలుసుకున్నాం. ఉతికిన ధోవతి, ఎర్ర రుమాలు, చంకలో రెండు డప్పులు. రుమాలు చుట్టిన తీరు చూసి కామేశ్వరి, "అబ్బ, ఎంత దర్జాగా ఉన్నారండీ!" అంది. ఆయన చేతిలో వరిగడ్డి కట్ట కూడా ఉంది.

నేను చేసిన పని ఇప్పుడు చెబుతున్నాను. "ఎల్లయ్య గారూ, ఆ గడ్డెందుకు? అక్కడంతా సూట్లు వేసుకున్నవాళ్ళుంటారు. పశువులకు మేత తెచ్చినట్టుంటుంది. ఇక్కడే పడేయండి" అన్నాను.

చిన్నాయనను గారూ అనడం నాకదే మొదటిసారి.

"కాగకుంటె పలుకదు టీచరమ్మా. ముసురు పట్టింది, తోలు మెత్తబడ్డది" అన్నాడు.

డప్పును మంట దగ్గర కాపితేనే తోలు బిగుస్తుంది, బిగిస్తేనే మోగుతుంది. ఈ సంగతి మా ఇంట పుట్టిన పసిపిల్లకు తెలుసు. నాకు తెలియదా? తెలుసు. అయినా, "లోపల వాళ్ళు ఏదో ఏర్పాటు చేస్తారు" అన్నాను. ఆయన గడ్డికట్టను బస్‌స్టాపు గోడ వారగా, ఎవరైనా తీసుకుంటారేమోనన్నట్టు జాగ్రత్తగా పెట్టాడు.

ఫ్యాక్టరీ గేటు దగ్గర వాచ్‌మన్ ఆయన నడుము తడిమి బీడీకట్టా అగ్గిపెట్టా తీసుకున్నాడు. "అందర్ ఆగ్ నహీఁ, బుడ్ఢా" అన్నాడు, లోపలికి నిప్పు తీసుకుపోకూడదని. మా వెనక కారులో వచ్చిన ఆయన నోట్లో సిగరెట్టు వెలుగుతోంది. దానికి మాత్రం సెల్యూట్ కొట్టాడు. అడగబోతే కామేశ్వరి లాక్కుపోయింది.

క్లబ్బు హాలు నిండుగా ఉంది. ప్రసాద్ చెడ్డవాడేం కాదు, నవ్వుతూ ఎదురొచ్చి కూల్‌డ్రింకులిచ్చాడు, నాకూ చెల్లెలికీ. చిన్నాయనను మైకు పక్కన నిలబడమన్నాడు. నిప్పు కావాలని నేనిప్పుడైనా చెప్పాలి కదా? ముందు వరస చీరలు చూసి, పొయ్యి దగ్గర పెట్టాలి సార్ అనే మాట మానుకొని కూల్‌డ్రింకు తాగుతూ కూర్చున్నాను. హాలు వెనక, కుర్చీలు మోయడానికి పంపిన కూలీల్లో టెరిలిన్ చొక్కా, బెల్‌బాటం వేసుకున్న కుర్రవాడు చిన్నాయనను చూసి మొహం తిప్పుకున్నాడు. సాయిలు అతనే.

చిన్నాయన డప్పు ఎత్తి కొట్టాడు. బొద్. ఇంకా గట్టిగా కొట్టాడు. బొద్, బొద్. తడిసిన మూట మీద కర్రతో కొట్టినట్టుంది. ముందు వరసలో ఒకాయన, "దండోరానా? ఏం చాటింపయ్యా?" అన్నాడు. నవ్వులు. ఒకావిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకొని భుజాలు ఊగేలా నవ్వింది. చిన్నాయన తోలును అరచేత్తో రుద్ది, పొట్టకు అదిమి వేడి చెయ్యబోయాడు. దానికి ఇంకా నవ్వారు. వెనక కూలీలు కూడా నవ్వారు. సాయిలు నవ్వలేదు, తల వంచుకున్నాడు. రెండు నిమిషాలు కాకముందే ప్రసాద్ మైకు అందుకొని, "థాంక్యూ, థాంక్యూ! ఇప్పుడు తంబోలా!" అన్నాడు. టికెట్లు పంచడం మొదలైంది.

వరండాలో ప్రసాద్‌ను పట్టుకున్నాను. ఒళ్ళు తెలియని కోపం.

"పిలిచి అవమానిస్తారా? పెద్ద మనిషిని నిలబెట్టి నవ్వుతారా? మీ ఊటీ కారెట్లూ మీరూనూ!" అన్నాను. పాపం, ఊటీ పోయింది అతను కాదు.

"మేడమ్, డప్పుకు నిప్పు కావాలని నాకెలా తెలుస్తుంది? మీరొక్క మాట చెబితే క్యాంటీన్‌లో పెట్టించేవాణ్ణి. మీకు తెలుసా?" అన్నాడు.

తల కొట్టేసినట్టయింది. హోటలువాణ్ణి తిట్టాను, సేటు మీద మండిపడ్డాను, వాచ్‌మన్ మీదికి పోబోయాను. గడ్డి పారేయించింది ఎవరు? రొట్టెను పరదా వెనక దాచినవాడికీ నాకూ ఏమిటి తేడా? వాడు రొట్టెను దాచాడు, నేను మనిషినే దాచాను.

"తెలుసు" అన్నాను. "తెలిసీ చెప్పలేదు. సిగ్గుపడ్డాను. ఆయన ఎవరనుకున్నారు? మా చిన్నాయన! మా తాతా డప్పే కొట్టాడు. నేను ఆ ఇంటి పిల్లను!" నా గొంతు వరండా దాటి హాల్లోకి పోయిందట, తంబోలా నంబరు చదివేవాడు ఒక నిమిషం ఆగాడట, కామేశ్వరి తర్వాత చెప్పింది. అప్పుడు మాత్రం ఆ పిల్ల నా చెయ్యి పట్టుకొని నిలబడింది.

చిన్నాయన మెట్ల మీద కూర్చొని ఉన్నాడు. "ఊకో బిడ్డా, లొల్లి జెయ్యకు. ఇగ పోదాం పా" అన్నాడు.

అప్పుడు వచ్చాడు సాయిలు. హాల్లోంచి, అందరి ముందు నుంచీ నడిచి వచ్చాడు. తోటి కూలీ ఒకడు, "అరే సాయిలు, ముసలోడు మీ నాయినా?" అంటున్నాడు.

"ఔ, మా నాయిన. అయితేంది?" అని, రెండు డప్పులూ తీసుకున్నాడు. "బాయిలర్ కాడ కాపుకొస్త. గీడనే ఉండు."

"తోలు కాలుతది రా, దూరం పట్టు" అని చిన్నాయన కేక వేశాడు. వాడు అప్పటికే వానలో పరుగెత్తుతున్నాడు. ఫ్యాక్టరీ మొత్తంలో నిప్పు ఎప్పుడూ ఆరని చోటు ఒక్కటే, రోజూ వాడు బొగ్గు వేసే చోటు. డప్పులకు కప్పమని కామేశ్వరి వరండా కొక్కేనికి తగిలించిన తన గొంగడి అందుకొని వెనకే పరుగెత్తింది.

పది నిమిషాల్లో తిరిగొచ్చారు. చిన్నాయన గొంగడి తొలగించి, వేలి గోటితో తోలు మీద మీటాడు. కంచు పళ్ళెం మీద మీటినట్టు ఖంగుమంది.

"ఎంత దూరం పట్టాల్నో ఎవడు నేర్పిండు నీకు?"

"చిన్నప్పటి సంది సూస్తలేనా?" అన్నాడు సాయిలు, ఎటో చూస్తూ.

ప్రసాద్ హాలు తలుపు తెరిచి, "రండి, తంబోలా ఆపుతాను" అన్నాడు, నిజంగానే.

"ఒద్దు సారు. మీ ఆట ఆగేదాంక ఇది ఆగదు, సల్లారుతది" అన్నాడు చిన్నాయన. అంతలో ఐదు గంటల సైరన్ మోగింది. జనరల్ షిఫ్టు వాళ్ళు గేటు వైపు వస్తున్నారు. క్లబ్బు ముందరి రేకుల షెడ్డు కింద నిలబడి ఆయన దరువు ఎత్తుకున్నాడు.

ఆ మోత ఎట్లా ఉంటుందో రాయడం నా వల్ల కాదు. పొట్టలో తగులుతుంది. పోయేవాళ్ళు ఆగిపోయారు. బీహారువాళ్ళు సైకిళ్ళు స్టాండు వేశారు. హాల్లోంచి ఆఫీసర్లు టికెట్లు చేత పట్టుకొని వరండాలోకి వచ్చారు, నోటికి కొంగు పెట్టుకున్నావిడా వచ్చింది. చూడండి, ఇప్పుడు నవ్వండి అని అరవాలనిపించింది నాకు. చిన్నాయన వాళ్ళవైపు చూడనే లేదు. ఆయన కళ్ళు సాయిలు మీదే ఉన్నాయి. సాయిలు రెండో డప్పు మెడలో వేసుకొని, ఒకసారి తోటి కూలీల వైపు చూసి, అందుకున్నాడు.

నాలుగు దెబ్బలు సరిగ్గా పడ్డాయి. ఐదోది తప్పింది. ఎవరికీ తెలియలేదు, నాకూ తెలియలేదు, అప్పటికే జనం చప్పట్లు కొడుతున్నారు. చిన్నాయన చటుక్కున ఆపేశాడు. రెండడుగులు వేసి, అంతమంది ఎదుట, చేతిలో పుల్లతో కొడుకు మణికట్టు మీద ఒక్కటి వేశాడు.

"ఎడమ చెయ్యి పండుకున్నదారా? మల్ల మొదటికెల్లి కొట్టు!"

షెడ్డు కింద ఎవరూ కదల్లేదు. సాయిలు మణికట్టు రుద్దుకున్నాడు. "సరె నాయినా" అని, మొదటినుంచి ఎత్తుకున్నాడు.